క్వాంటమ్ కోర్సుకు ఫీజు కట్టే ముందు ఓ గంట సైటేషన్లు చూడండి

మొన్న సంక్రాంతికి రాయవరం వెళ్లినప్పుడు మా బాబాయి కొడుకు ఫోన్ తెచ్చి నా ముందు పెట్టాడు. వాట్సాప్‌లో వచ్చిన రంగుల పోస్టర్. ‘మూడు నెలల్లో క్వాంటమ్ నిపుణులు కండి. అమరావతిలో ఉద్యోగాలు మీకోసమే’ అని ఉంది. ఫీజు నలభై అయిదు వేలు. వాడు బీటెక్ మూడో ఏడాది. సార్వా ధాన్యం డబ్బులు అప్పుడే బాబాయి చేతికొచ్చాయి. ‘అన్నయ్యా, చేరిపోమంటావా? సీట్లు అయిపోతాయంట’ అన్నాడు.

వెంటనే వద్దనడానికి నాకు నోరు రాలేదు. ఎందుకంటే ఫైనలియర్‌లో నేనూ అచ్చం ఇలాగే చేశాను. అప్పట్లో ఎక్కడ విన్నా బ్లాక్‌చెయిన్ మాటే. నగరంలో ఓ ఇన్‌స్టిట్యూట్‌లో నాన్న డబ్బు కట్టి చేరాను. సర్టిఫికెట్ వచ్చింది గానీ ఫ్రెషర్లకు ఆ పేరుతో ఉద్యోగాలు నాకు కనపడలేదు. చివరికి మామూలు వెబ్ డెవలపర్‌గా చేరాను. అప్పుడు నాకు తెలియని ఒక పద్ధతిని, సంక్రాంతి మర్నాడు తమ్ముడితో కలిసి కూర్చుని వాడి కోర్సు మీద ప్రయోగించాం. మీ చేతిలోనూ ఇలాంటి పోస్టర్ ఏదైనా ఉంటే ఇది మీకూ పనికొస్తుంది.

సైటేషన్ అంటే ఏంటి?

ప్రాజెక్టు రిపోర్టు చివర్లో మీరు ‘రిఫరెన్సులు’ అని ఓ పేజీ పెడతారు కదా! శాస్త్రవేత్తలూ అంతే. తాము ఏ పాత పరిశోధన పత్రాలను ఆధారం చేసుకున్నారో పేపర్ చివర్లో రాస్తారు. ఇలా ఒక పేపర్ మరో పేపర్‌ను పేర్కొనడమే సైటేషన్. ఒక్కో పేపర్‌ను ఎవరెవరు, ఎప్పుడెప్పుడు పేర్కొన్నారో లెక్కతీస్తే పరిశోధకుల దృష్టి ఎటు మళ్లుతోందో తెలుస్తుంది. దీన్నే సైటేషన్ విశ్లేషణ అంటారు.

ఈ ఆలోచనను 1955లో ‘సైన్స్’ పత్రికలో రాసి, 1964లో ‘సైన్స్ సైటేషన్ ఇండెక్స్’గా తెచ్చినవాడు అమెరికాకు చెందిన యూజీన్ గార్‌ఫీల్డ్. మరుసటి ఏడాదే డెరెక్ డి సోలా ప్రైస్ అనే పరిశోధకుడు ఇంకో సంగతి గమనించాడు. కొత్త పేపర్లలో చాలా భాగం ఈమధ్య వచ్చిన కొద్దిపాటి పేపర్ల చుట్టూనే తిరుగుతుంటాయి. ఆ చురుకైన చోటుకు ఆయన పెట్టిన పేరు ‘రీసెర్చ్ ఫ్రంట్’. 1973లో హెన్రీ స్మాల్ ఆ చోట్లను పట్టుకునే దారి చెప్పాడు. ఊళ్లో ఏ రెండిళ్లవాళ్లను ప్రతి పెళ్లికీ కలిపి పిలుస్తున్నారో చూస్తే వాళ్లకు చుట్టరికం ఉందని మనకు అర్థమైపోతుంది కదా! అలాగే రెండు పేపర్లను చాలామంది కలిపి ఉదహరిస్తుంటే అవి ఒకే అంశానికి చెందినవన్నమాట. అలాంటివాటిని గుంపులుగా చేర్చి, ఏ గుంపు వేగంగా పెరుగుతోందో చూస్తారు.

ఇప్పుడు క్లారివేట్ సంస్థ ఈ లెక్కలను నిరంతరం తీస్తోంది. గత రెండేళ్లలో వచ్చి, తాజా రెండు నెలల్లో తమ రంగంలో అత్యధికంగా సైటేషన్లు అందుకున్న పై 0.1 శాతం పేపర్లను అది ‘హాట్ పేపర్లు’ అంటుంది. చైనీస్ అకాడమీ ఆఫ్ సైన్సెస్‌తో కలిసి ఏటా రీసెర్చ్ ఫ్రంట్స్ నివేదికనూ ఇస్తోంది. ప్రభుత్వాలు, కంపెనీలు డబ్బు ఎటు పెట్టాలో తేల్చుకోవడానికి ఇలాంటి లెక్కలు చూస్తాయి. మరి మూడేళ్లో నాలుగేళ్లో జీవితం పెట్టే మనం ఎందుకు చూడకూడదు?

గ్రాఫ్ పెరిగితే ఉద్యోగం వచ్చినట్టేనా?

కాదు. మేమిద్దరం ముందుగా తెలుసుకున్నది ఇదే. పేపర్లు పెరగడానికీ, ఉద్యోగాలు రావడానికీ మధ్య కొన్నేళ్ల తేడా ఉంటుంది. ఆ తేడా రంగాన్ని బట్టి మారుతుంది. మూడు ఉదాహరణలు చూడండి.

ఒకటి, ట్రాన్స్‌ఫార్మర్. ఇప్పటి ఏఐ చాట్‌బాట్లన్నిటికీ మూలమైన ‘అటెన్షన్ ఈజ్ ఆల్ యు నీడ్’ పేపర్ 2017లో వచ్చింది. రాసిన ఎనిమిది మందిలో ఆశిష్ వాస్వానీ, నికీ పర్మార్ భారతీయ మూలాలున్నవాళ్లు. దాని సైటేషన్లు లక్ష దాటి చాలాకాలమైంది. చాట్‌జీపీటీ వచ్చింది 2022 నవంబరులో. అంటే పేపర్ నుంచి జనం చేతికి అయిదేళ్లు. సాఫ్ట్‌వేర్‌కు ఫ్యాక్టరీ అక్కర్లేదు కాబట్టి ఇంత త్వరగా అయింది.

రెండు, పెరోవ్‌స్కైట్ సోలార్ సెల్. 2009లో జపాన్ శాస్త్రవేత్త త్సుతోము మియాసాకా బృందం మొదటి పేపర్ ఇచ్చినప్పుడు దాని సామర్థ్యం 3.8 శాతమే. పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. 2012లో కొత్త ఫలితాలు వచ్చాక సైటేషన్లు ఒక్కసారిగా ఎగిశాయి. ఇప్పుడు ప్రయోగశాలల్లో సామర్థ్యం 25 శాతం దాటింది. అయినా ఆక్స్‌ఫర్డ్ పీవీ కంపెనీ పెరోవ్‌స్కైట్‌ను సిలికాన్‌తో జోడించిన ప్యానెళ్లను మొదటిసారి కొనుగోలుదారుకు పంపింది 2024 సెప్టెంబరులో. మొత్తం పదిహేనేళ్లు.

మూడు, ఎంఆర్‌ఎన్‌ఏ. కాటలిన్ కరికో, డ్రూ వైస్‌మన్‌ల కీలక పేపర్ 2005 నాటిది. కొవిడ్ టీకాలు 2020 చివర్లో వచ్చాయి. నోబెల్ 2023లో వచ్చింది. ఇక్కడా పదిహేనేళ్లే.

కాబట్టి ‘ఇది పెరుగుతోందా?’ అని అడిగి ఆగిపోవద్దు. ‘పెరగడం మొదలై ఎన్నాళ్లయింది? నేను డిగ్రీ పట్టా అందుకునే నాటికి ఇది ఎక్కడుంటుంది?’ అని కూడా అడగండి. కోడింగ్‌తో నడిచే రంగంలో అయిదేళ్లు పట్టింది. పదార్థం, యంత్రం, మందు లాంటివాటికి అంతకు మూడు రెట్లు పట్టింది.

మరి క్వాంటమ్ సంగతి?

పోస్టర్‌లోని మాట పూర్తిగా అబద్ధం కాదు. కేంద్రం 2023 ఏప్రిల్‌లో 6,003.65 కోట్ల రూపాయలతో నేషనల్ క్వాంటమ్ మిషన్‌కు ఆమోదం తెలిపింది. 2025 మేలో ఐబీఎం, టీసీఎస్, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కలిసి అమరావతి క్వాంటమ్ వ్యాలీలో 156 క్యూబిట్ల ప్రాసెసర్‌తో ఐబీఎం క్వాంటమ్ సిస్టమ్ టూ పెడతామని ప్రకటించాయి. ఇవి నిజాలే.

ఇక పరిశోధన వైపు చూద్దాం. మేము 2018లో జాన్ ప్రెస్కిల్ రాసిన ప్రసిద్ధ పేపర్‌ను గూగుల్ స్కాలర్‌లో తెరిచాం. ఇప్పటి క్వాంటమ్ కంప్యూటర్లు తప్పులు చేసే దశలోనే ఉన్నాయని, అయినా వాటితో ఏం చేయవచ్చో చెప్పే పేపర్ అది. కిందనున్న ‘సైటెడ్ బై’ నొక్కితే వేలల్లో పేపర్లు వచ్చాయి. అందులో ఈ ఏడాదివి మాత్రమే ఎంచుకుని, మొదటి ముప్పై పేపర్ల రచయితలు ఎక్కడ పనిచేస్తున్నారో నోట్‌బుక్‌లో రాశాం. యూనివర్సిటీల భౌతికశాస్త్ర, కంప్యూటర్ సైన్స్ విభాగాలు, జాతీయ ప్రయోగశాలలు, కొన్ని పెద్ద కంపెనీల పరిశోధన విభాగాలు. పీహెచ్‌డీ చేసినవాళ్లో, చేస్తున్నవాళ్లో పనిచేసే చోట్లే ఎక్కువ. తమ్ముడు ఆ జాబితా రెండుసార్లు చదివి, ‘ఇందులో మూడు నెలల కోర్సు చేసినోళ్లెక్కడ అన్నయ్యా?’ అన్నాడు.

ఇంకో ఆధారం మిషన్ లక్ష్యాల్లోనే ఉంది. ఎనిమిదేళ్లలో 50 నుంచి 1000 క్యూబిట్ల కంప్యూటర్లు తయారుచేయాలని అందులో రాశారు. పథకం 2030-31 వరకు. అంటే ఈ రంగం ఇంకా కట్టుకునే దశలోనే ఉందని ప్రభుత్వమే చెబుతోంది. గ్రాఫ్ నిజంగానే పైకి వెళుతోంది. కానీ ఆ గ్రాఫ్ పిలుస్తున్నది పరిశోధన చేయడానికి సిద్ధపడ్డవాళ్లను. వచ్చే ఏడాది క్యాంపస్ ప్లేస్‌మెంట్‌కు కూర్చునేవాళ్లను కాదు.

మోసపోయే చోట్లు నాలుగు

సైటేషన్ లెక్కలనూ గుడ్డిగా నమ్మకూడదు.

మొదటిది, సైటేషన్ అంటే మెచ్చుకోలు కాదు. 2023 జులైలో దక్షిణ కొరియా బృందం ఎల్‌కే-99 అనే పదార్థం మామూలు ఉష్ణోగ్రతలోనే సూపర్‌కండక్టర్‌గా పనిచేస్తుందని ప్రకటించింది. ప్రపంచమంతా దాని మీద పడింది. కొన్ని వారాల్లోనే పలు ప్రయోగశాలలు అది నిజం కాదని తేల్చాయి. ఆ హడావుడిలో వచ్చిన సైటేషన్లలో తప్పు చూపించినవీ ఉన్నాయి. నెలల్లో ఎగిసిన గ్రాఫ్‌ను నమ్మకండి. కనీసం మూడేళ్లు నిలిచిందో లేదో చూడండి.

రెండోది, ఎక్కువ సైటేషన్లున్నంత మాత్రాన అది వేగంగా పెరిగే రంగమనుకోకూడదు. దీనికి మన గోదావరి ప్రాంతం నుంచే ఉదాహరణ ఉంది. భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు, హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి 1925లో ఫాస్ఫరస్‌ను కొలిచే పద్ధతి మీద పేపర్ రాశారు. గార్‌ఫీల్డ్ తీసిన అత్యధిక సైటేషన్ల జాబితాల్లో అది చోటు సంపాదించింది. కారణం, దశాబ్దాలపాటు ప్రయోగశాలల్లో ఆ పద్ధతి వాడారు, వాడినవాళ్లు పేరు చెప్పారు. అది గొప్ప పేపరే. కానీ ఆ సంఖ్య చూసి 1970ల్లో ఎవరైనా ‘ఫాస్ఫరస్ కొలవడం ఇప్పుడు హాట్ రంగం’ అనుకుని ఉంటే పొరపాటే. మొత్తం సంఖ్య వదిలేసి, ఏడాదికేడాది మార్పు చూడాలి.

మూడోది, పెద్ద సంఖ్య, చిన్న సంఖ్య. ఒక రంగంలో పేపర్లు పది వేల నుంచి పన్నెండు వేలయ్యాయనుకుందాం. మరో దాంట్లో వంద నుంచి నాలుగు వందలయ్యాయి. పోస్టర్ మీద పన్నెండు వేలే కనపడుతుంది. పెరుగుదల మాత్రం మొదటిది 20 శాతం, రెండోది 300 శాతం. పైగా ప్రపంచంలో మొత్తం పేపర్లే ఏటా పెరుగుతున్నాయి. అందుకని మీ అంశాన్ని దాని పెద్ద రంగంతో పోల్చి చూడాలి.

నాలుగోది, దొంగ పేపర్లు. డబ్బు తీసుకుని పేపర్లు రాసిచ్చే దుకాణాలున్నాయి. ఒకరినొకరు ఉదహరించుకునే ముఠాలూ ఉన్నాయి. 2023లో ప్రపంచవ్యాప్తంగా పది వేలకు పైగా పేపర్లను జర్నళ్లు వెనక్కి తీసుకున్నాయి. మన ఎన్‌ఐఆర్‌ఎఫ్ కూడా 2025 ర్యాంకింగుల్లో ఇలాంటి పేపర్లున్న సంస్థలకు మార్కులు కోసింది. మీకు ఫైనలియర్‌లో ‘రెండు వేలిస్తే వారంలో పబ్లిష్ చేస్తాం’ అని మెయిల్ వస్తే అది ఈ బాపతే. రేపు రెజ్యూమెలో అది మీకు మచ్చే అవుతుంది.

కొబ్బరి చెట్టు మీద రీసెర్చ్ ఫ్రంట్

వేగంగా పెరిగేవన్నీ అమెరికాలోనో, అమరావతిలోనో ఉంటాయనుకోకండి. మన కోనసీమ కొబ్బరి రైతును ఏడిపించిన సర్పిలాకార తెల్లదోమ మనదేశంలో మొదట కనపడింది 2016లో, తమిళనాడులోని పొల్లాచ్చి దగ్గర. తర్వాత మన తోటల్లోకీ వచ్చింది. గూగుల్ స్కాలర్‌లో దాని ఇంగ్లిషు పేరు ‘రూగోస్ స్పైరలింగ్ వైట్‌ఫ్లై’ కొట్టి, ఇండియా అని చేర్చి, 2016 ముందు, తర్వాత విడివిడిగా చూడండి. ముందు దాదాపు ఖాళీ, తర్వాత వరుసగా పేపర్లు. సంఖ్య చిన్నదే, కానీ పెరుగుదల స్పష్టం.

ఆ పేపర్లను తెరిస్తే పరిష్కారాలూ కనపడతాయి. దోమను చంపే ఇసారియా ఫ్యూమొసోరోసియా అనే శిలీంధ్రం, దోమ పిల్లల్లో గుడ్లు పెట్టే ఎన్‌కార్సియా అనే పరాన్నజీవి. ఈ శిలీంధ్రాన్ని పెంచి రైతులకు అందించే పని మన అంబాజీపేట ఉద్యాన పరిశోధన స్థానంలో జరిగింది. బీఎస్సీ అగ్రికల్చర్, హార్టికల్చర్, బయోటెక్నాలజీ, మైక్రోబయాలజీ చదువుతున్నవాళ్లకు ఇది అక్కరకొచ్చే సంగతి. మీ ప్రాజెక్టుకు ఎక్కడో నగరంలో ల్యాబ్ వెతుక్కునే ముందు బస్సెక్కితే చేరగలిగే చోటు ఒకటుందని సైటేషన్లే చూపిస్తాయి. ఆక్వా వైపు వాళ్లు రొయ్యల్లో ఈహెచ్‌పీ వ్యాధి మీద ఇదే పరీక్ష చేసి చూడండి.

మీరే చేసుకోండి: ఒక గంట పరీక్ష

ఖర్చు లేదు. ఫోన్ చాలు, ల్యాప్‌టాప్ ఉంటే ఇంకా తేలిక.

1. అంశాన్ని కుదించండి. ‘ఏఐ’ అని వెతికితే లాభం లేదు. ‘వరి తెగుళ్లను ఫొటోతో గుర్తించడం’ లాంటి చిన్న అంశం తీసుకుని, ఇంగ్లిషులో కొటేషన్ గుర్తుల మధ్య టైప్ చేయండి.

2. ఏడాదివారీ సంఖ్య రాయండి. ఓపెన్‌అలెక్స్, లెన్స్ అనే వెబ్‌సైట్లు ఉచితం. ఏ ఏడాది ఎన్ని పేపర్లో చూపిస్తాయి. వైద్యం, జీవశాస్త్రమైతే పబ్‌మెడ్‌లో ఎడమవైపు చిన్న గ్రాఫే ఉంటుంది. గూగుల్ స్కాలర్ చూపే సంఖ్య ఉజ్జాయింపు మాత్రమే. గడిచిన అయిదేళ్లు చాలు. నడుస్తున్న ఏడాదిని వదిలేయండి, అది ఎప్పుడూ తక్కువగానే కనపడుతుంది.

3. పెద్ద రంగం సంఖ్యను పక్కన రాయండి. మీ అంశం దానికంటే వేగంగా పెరుగుతోందా?

4. ఎక్కువ సైటేషన్లున్న ఒక పేపర్ తీసుకుని, దాన్ని ఈ ఏడాది ఎవరు ఉదహరించారో చూడండి. యూనివర్సిటీలేనా? కంపెనీలూ ఉన్నాయా? వేరే రంగాల వాళ్లున్నారా? లెన్స్‌లో పేటెంట్లు కూడా కనపడతాయి. పేటెంట్లు ఆ పేపర్‌ను ఉదహరిస్తున్నాయంటే ఎవరో దాన్ని వస్తువుగా మార్చే ప్రయత్నంలో ఉన్నట్టు.

5. ఆ కంపెనీల, సంస్థల కెరియర్ పేజీలు తెరవండి. అడుగుతున్న చదువేంటి, నైపుణ్యాలేంటి? పదే పదే వచ్చే మూడు నైపుణ్యాలు రాసుకోండి. మీరు నేర్చుకోవాల్సింది అవే.

పేపర్ చదవాలంటే డబ్బు కట్టమంటుందా? ప్రభుత్వ యూనివర్సిటీ, ప్రభుత్వ కాలేజీ విద్యార్థులు ముందు లైబ్రేరియన్‌ను అడగండి. కేంద్రం తెచ్చిన ‘వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్’ కింద 2025 జనవరి నుంచి 13 వేల దాకా జర్నళ్లు చదువుకునే వీలుంది. మిగతావాళ్లు గూగుల్ స్కాలర్‌లో పేపర్ పక్కన ఉచిత పీడీఎఫ్ లింకు ఉందేమో చూడండి. ఆర్కైవ్ వెబ్‌సైట్‌లో భౌతికశాస్త్రం, కంప్యూటర్ సైన్స్ పేపర్లు బోలెడు ఉచితంగా దొరుకుతాయి.

ఈ విశ్లేషణ చేయడమే ఉద్యోగంగా ఉన్నవాళ్లూ ఉన్నారు. యూనివర్సిటీ లైబ్రరీలు, పేటెంట్ విశ్లేషణ సంస్థలు, సైన్స్ ప్రచురణ కంపెనీలు, ఢిల్లీలోని సీఎస్‌ఐఆర్-నిస్పర్ లాంటి సంస్థలు ఈ పని చేస్తాయి. పైథాన్, కాస్త స్టాటిస్టిక్స్, ఒక సైన్స్ సబ్జెక్టు మీద పట్టు ఉన్నవాళ్లు దీన్ని కూడా ఓ దారిగా చూడొచ్చు.

ఇంతకీ తమ్ముడేం చేశాడు?

పరీక్ష అయ్యాక వాణ్ని ఒకటే అడిగాను. ‘ఏడాదిన్నరలో జీతం కావాలా, ఇంకా చదివే ఓపికుందా?’

ఏడాదిన్నరలో జీతం కావాలంటే ఇప్పటికే కంపెనీల చేతికొచ్చిన రంగంలో పని నేర్చుకోవాలి. చదివే ఓపికుంటే క్వాంటమ్ మంచి దారే. గేట్‌తో ఎంటెక్‌లో చేరితే నెలకు 12,400 రూపాయల స్టైపెండ్ వస్తుంది. జేఆర్‌ఎఫ్‌తో పీహెచ్‌డీకి వెళితే నెలకు 37,000. ఇంటి మీద భారం వేయకుండా చదువుకోవచ్చు. ఈ రెండు దారులకూ ముందు కావలసింది లీనియర్ ఆల్జీబ్రా, ప్రాబబిలిటీ, పైథాన్. క్వాంటమ్ రుచి చూడాలంటే ఎన్‌పీటీఈఎల్ పాఠాలు ఉచితం, సర్టిఫికెట్ పరీక్షకే ఫీజు. ఐబీఎం వాళ్ల క్విస్కిట్ పాఠాలూ ఉచితమే. మూడు నెలలు అవి చూసి, లెక్కలు ఇష్టంగా చేస్తున్నావా లేదా అన్నది నీకే తెలుస్తుందని చెప్పాను.

వాడింకా ఏ దారో తేల్చుకోలేదు. తేల్చుకోవడానికి టైముంది. ప్రస్తుతానికి ఎన్‌పీటీఈఎల్‌లో లీనియర్ ఆల్జీబ్రా మొదలుపెట్టాడు. నలభై అయిదు వేలు మాత్రం బాబాయి దగ్గరే ఉన్నాయి. దాళ్వా పెట్టుబడికి అక్కరకొచ్చాయని మొన్న ఫోన్‌లో అన్నాడు.